గుడ్డుకూ ఋతువుంది: పెరటి కోళ్లు, చిన్నతోట, సరిహద్దు సంత

ముళబాగిలు, కుప్పం, హోసూరు పరిసరాలలో ఏ వారపు సంతకు వెళ్లినా నాటుగుడ్ల గంప ముందు వేసవిలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది. మాఘమాసంలో గంప నిండుగా కనిపించిన గుడ్లు వైశాఖం వచ్చేసరికి ఎందుకు తగ్గిపోయాయి? ధర ఎందుకు పెరిగింది? కొనేవారు ఇది అమ్మేవారి గడుసుదనమని అనుమానిస్తారు. అమ్మేవారు తమ పెట్టలకు దిష్టి తగిలిందని దిగులు పడతారు. ఈ రెండు తలంపులూ సరికావు. మామిడి, అనపకాయ, చింతచిగురు వలెనే గుడ్డు కూడా కాలాన్ని అనుసరించి చేతికందే ఫలసాయమే.

పట్టణాల దుకాణాలలో ఏడాది పొడవునా ఒకే రంగు, ఒకే పరిమాణం గల గుడ్లు అట్టలలో పేర్చి ఉండడం వలన ఈ సత్యం మరుగున పడింది. అర ఎకరం తోట, పది కోళ్లు ఉన్న కుటుంబానికి మాత్రం ఇది తెలియకపోతే నష్టం తప్పదు. ఏ నెలలో చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయో, ఏ వారంలో పిల్లల కంచంలో గుడ్డు ఉంటుందో ఈ ఎరుక మీదనే ఆధారపడి ఉంటుంది. కాలక్రమాన్ని గుర్తించి తోటను, కోళ్లను ఒకదానికొకటి జత చేసుకున్న ఇంట్లో ఏదో ఒకటి ప్రతి వారమూ చేతికి వస్తుంది. గుర్తించని ఇంట్లో ఒక నెల పుష్కలం, మూడు నెలలు కరువు.

పెట్ట శరీరంలో పగటి లెక్క

ఒక గుడ్డు తయారు కావడానికి పెట్ట శరీరంలో 24 నుండి 26 గంటలు పడుతుంది. అండాశయం నుండి పచ్చసొన విడుదలైన తరువాత దాని చుట్టూ తెల్లసొన చేరడానికి సుమారు మూడు గంటలు, పొరలు ఏర్పడడానికి గంటకు పైగా, పెంకు గట్టిపడడానికి దాదాపు 20 గంటలు కావాలి. అందుచేతనే ఈరోజు ఉదయం 7 గంటలకు గుడ్డు పెట్టిన కోడి మరునాడు ఎనిమిదింటికో తొమ్మిదింటికో పెడుతుంది. ఇలా ప్రతిరోజూ వేళ జరుగుతూ పోయి చివరకు ఒక రోజు విరామం వస్తుంది. “రోజుకొక గుడ్డు” అనే మాట ఏ కోడి విషయంలోనూ ఏడాది పొడవునా నిజం కాదు.

ఈ పని అంతటికీ తాళంచెవి వెలుగులో ఉంది. కంటి ద్వారానూ, పుర్రె ఎముకల గుండానూ మెదడును చేరే వెలుతురు అండాశయాన్ని మేల్కొలిపే గ్రంథులను ప్రేరేపిస్తుంది. పగలు పెరుగుతున్నపుడు ఈ ప్రేరణ పెరుగుతుంది, తగ్గుతున్నపుడు మందగిస్తుంది. పెద్ద కోళ్లఫారాలలో రాత్రివేళ దీపాలు వెలిగించి రోజుకు సుమారు 16 గంటల వెలుతురు ఉండేటట్లు చూడడానికి కారణమిదే. మన పెరటి కోడికి సూర్యుడే దీపం. కోలారు ప్రాంతంలో జూన్ మూడవ వారంలో పగలు 13 గంటలకు కొంచెం తక్కువగానూ, డిసెంబరు మూడవ వారంలో సుమారు 11 గంటల 20 నిమిషాలుగానూ ఉంటుంది. తేడా గంటన్నర మాత్రమే. శీతల దేశాలలో వలె చలికాలంలో గుడ్లు పూర్తిగా ఆగిపోకపోవడానికి ఈ స్వల్పమైన తేడాయే కారణం.

అయితే పగలు బాగా పొడుగైన వేసవిలోనే మన ప్రాంతంలో గుడ్లు తగ్గుతాయి. దీనికి ఎండ కారణం. కోడికి చెమట పట్టదు. దాని సహజ శరీర ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీలు. వేడి పెరిగినపుడు ముక్కు తెరచి రొప్పడం ద్వారానే అది ఒంటిని చల్లబరచుకోవాలి. రొప్పే కోడి మేత తగ్గించి నీరు ఎక్కువగా తాగుతుంది. రొప్పడంలో రక్తంలోని బొగ్గుపులుసు వాయువు అధికంగా బయటకు పోతుంది. పెంకుకు కావలసిన సున్నపు పదార్థం సరిగా ఏర్పడదు. ఎండాకాలపు గుడ్లు చిన్నవిగా, పలుచని పెంకుతో ఉండడానికి కారణం ఇదే.

కోతలు ముగిసిన పుష్య మాఘాలలో కళ్లంలోనూ చేలలోనూ రాలిన రాగులు, కందులు, వేరుశనగ పప్పులు, పురుగులు కోళ్లకు దండిగా దొరుకుతాయి. ఎండ తీవ్రత ఉండదు. పగలు మెల్లగా పెరుగుతూ ఉంటుంది. మేత, చల్లదనం, పెరుగుతున్న వెలుతురు మూడూ కలిసిన ఆ కాలమే పెరటి పెట్టకు నిజమైన పంటకాలం.

పొదుగుడు కాలం

నాటు పెట్ట సాధారణంగా ఒక విడతలో 10 నుండి 15 గుడ్లు పెట్టి పొదుగుడుకు కూర్చుంటుంది. పొదగడానికి 21 రోజులు, పిల్లలను వెంట తిప్పుకోవడానికి రెండు నెలలకు పైగా గడుస్తాయి. ఆ కాలమంతా గుడ్లుండవు. ఏడాదికి మూడు నాలుగు విడతలు దాటవు కనుక ఒక నాటు పెట్ట నుండి 50 గుడ్ల వరకు ఆశించవచ్చు. ఈకలు రాల్చుకొని కొత్తవి తెచ్చుకొనే వారాలలో కూడా అది గుడ్లు పెట్టదు. ఇది జబ్బు కాదు, విశ్రాంతి.

నడివేసవిలో పొదుగుడు వేయరాదని పెద్దలు చెప్పే మాటకు శాస్త్రబలం ఉంది. గాలి వేడి సుమారు 21 నుండి 24 డిగ్రీలు దాటితే పెట్ట కూర్చోకముందే గుడ్డులోని జీవం కొద్దికొద్దిగా ఎదగడం ఆరంభించి, సరియైన వేడి అందక మధ్యలోనే చనిపోతుంది. కాబట్టి పొదుగుడుకు ఏరిపెట్టే గుడ్లను చల్లని చోట ఉంచాలి. చలికాలంలో ఏడు రోజులకు, వేసవిలో మూడు నాలుగు రోజులకు మించి నిలువ ఉంచరాదు. పొదుగుడు వేసిన ఏడవ రాత్రి గుడ్డును దీపపు వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే, జీవమున్న గుడ్డులో సాలెగూడు వంటి ఎర్రని నరాలు కనిపిస్తాయి. ఏమీ లేక తేటగా ఉన్నవి పొదగవు కనుక తీసివేయవచ్చు.

షెడ్డు గుడ్డు, పెరటి గుడ్డు

తమిళనాడులోని నామక్కల్ దేశంలోని ప్రధాన గుడ్ల ఉత్పత్తి కేంద్రాలలో ఒకటి. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం నామక్కల్, చిత్తూరు, హోస్పేట వంటి కేంద్రాలకు ధరలను ప్రకటిస్తూ ఉంటుంది. ఫారాలలో పెంచే లెగ్‌హార్న్ సంతతి కోడి ఏడాదికి 300 గుడ్లకు పైగా పెడుతుంది, పొదుగుడుకు కూర్చోదు. పేదవాని ఇంటికి చవకగా మాంసకృత్తులు చేర్చినది ఆ గుడ్డే. దానిని తక్కువచేసి మాట్లాడడం న్యాయం కాదు.

నాటుగుడ్డు పేరిట చెలామణి అవుతున్న అపోహలను కూడా వదిలించుకోవాలి. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. దానికీ బలానికీ సంబంధం లేదు. గోధుమరంగు గుడ్లన్నీ నాటుగుడ్లు కావు. పచ్చసొన ముదురు రంగు, కోడి తిన్న ఆకుకూరలలోనూ పచ్చజొన్నలలోనూ ఉండే వర్ణద్రవ్యాల వలన వస్తుంది. అది కోడి ఆరుబయట ఆకు తిన్నదనడానికి గుర్తు కావచ్చు గాని మాంసకృత్తులు ఎక్కువనడానికి గుర్తు కాదు. 50 గ్రాముల గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. నాటుగుడ్డు 40 గ్రాముల చుట్టూ తూగుతుంది కనుక ఆ మేరకు తక్కువే ఉంటాయి. రుచి కోసం, తాజాతనం కోసం, ఎక్కడ పుట్టిందో తెలిసినందుకు పెరటి గుడ్డుకు ఎక్కువ ధర ఇవ్వవచ్చు. లేని మహిమలు చెప్పి అమ్మవలసిన అవసరం దానికి లేదు.

నాటు పెట్టలతో పాటు పెరటి పెంపకానికై రూపొందించిన జాతులు కూడా నేడు లభిస్తున్నాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ జాతులను, బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం గిరిరాజ జాతిని అందించాయి. వనరాజ మాంసానికి, గుడ్లకు రెండింటికీ పనికివస్తుంది; గ్రామప్రియ ప్రధానంగా గుడ్లకు. ఇవి సాధారణంగా పొదుగుడుకు కూర్చోవు. వీటి పిల్లలలో తల్లి గుణాలన్నీ నిలువవు కాబట్టి మరల మరల పిల్లలను కొనవలసి ఉంటుంది. కనుక మంద నిలవడానికి నాలుగు నాటు పెట్టలు, గుడ్ల కోసం ఐదారు గ్రామప్రియలు అనే కలయిక చిన్న ఇంటికి అనువైనది.

తోట పంచాంగం

ఈ ప్రాంతంలో టమోటా పెద్ద పంట. కోలారు, మదనపల్లె మార్కెట్లకు లారీలు నిండుగా వెళుతాయి. కాని టమోటా ఒక్కదానినే నమ్ముకోవడం ఎంత ప్రమాదమో ఈ ప్రాంతపు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2023 జూలైలో అనేక నగరాలలో కిలో 100 రూపాయలు దాటిన అదే పంట, ఇతర కాలాలలో కోతకూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోతకు గురైంది. ఉన్న పొలమంతా ఒకే పంట వేయక, బావి పక్కన అర ఎకరమైనా పలు కాలాల పంటలకు విడిచిపెట్టిన కుటుంబానికి ఆ నష్టకాలంలో ఊపిరి తీసుకొనే వీలుంటుంది.

ముంగారు వానలతో జూన్, జూలై నెలలలో రాగి చేలలో సాళ్లుగా కంది, అనప, అలసంద పడతాయి. అదే సమయంలో పెరటి పాదులలో బీర, కాకర, గుమ్మడి, సొర విత్తితే రెండు నెలలలో కాపు మొదలవుతుంది. నేరేడు పండ్లు అప్పుడే చేతికి వస్తాయి. శ్రావణం నుండి కార్తికం వరకు సీతాఫలాల కాలం. వానలు తగ్గుముఖం పట్టిన తరువాత ఆకుకూరల మడులు మంచి దిగుబడినిస్తాయి. తోటకూర, మెంతికూర 25 నుండి 30 రోజులలో, ముల్లంగి 40 నుండి 45 రోజులలో కోతకు వస్తాయి. మడిని నాలుగు భాగాలు చేసి పదిరోజులకు ఒక భాగం చొప్పున విత్తినవారికి ప్రతి సంతకూ తీసుకువెళ్లడానికి కట్టలుంటాయి. ఒకే రోజు మొత్తం విత్తినవారికి ఒక వారం అమ్మలేనంత, తరువాత ఏమీ లేనంత. చిన్నతోటకు ఇంతకు మించిన రహస్యం లేదు.

మార్గశిర పుష్యాలు అనపకాయల రాజ్యం. సంక్రాంతి నాటికి పితికిపప్పు పులుసు, రాగిసంగటి లేని ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు. అనప కూడా కోడి వలెనే పగటి లెక్క తెలిసిన జీవి. కాకపోతే దాని లెక్క తలక్రిందులు. పగలు పెరిగితే పెట్ట మేల్కొంటుంది. పగలు తగ్గితేనే పాత అనప రకాలు పూతకు వస్తాయి. అందుకే జూన్‌లో వేసినా, ఆగస్టులో వేసినా అవి చలికాలంలోనే కాస్తాయి. పగటి నిడివితో నిమిత్తం లేక కాచే హెబ్బాళ అవరె–3, హెబ్బాళ అవరె–4 రకాలను బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసింది. అవి ఇతర కాలాలలో కూడా కాపునిస్తాయి. అయితే మంచులో తడిసిన చలికాలపు కాయకు ఉండే జిడ్డునూ, కన్నడిగులు సొగడు అని పిలిచే ఆ పరిమళాన్నీ కోరేవారు నేటికీ పాతకాయనే వెదకుతారు.

ఫాల్గుణ చైత్రాలలో చింతపండు, చింతచిగురు, మునగకాయలు వస్తాయి. అటు తరువాత శ్రీనివాసపురం మామిడి. ఏప్రిల్, మే నెలలలో నీరు తగ్గి ఆకుకూరలు, ఎండకు గుడ్లు ఒకేసారి తగ్గుతాయి. ఆ రెండు నెలలే చిన్నతోటకు అసలైన పరీక్ష. మామిడి, పనస, మునగ, చింత వంటి చెట్లు ఒక్కొక్కటైనా గట్టు మీద ఉన్న ఇల్లు ఆ కొరతను దాటగలుగుతుంది. వేసవి కోళ్లకు నీడ కూడా ఆ చెట్లదే.

కోడికి తోట, తోటకు కోడి

ముదిరిన తోటకూర, పురుగు పట్టిన వంకాయ, రాగుల చెరుగు, నూకలు, తవుడు మనకు చెత్త, కోళ్లకు మేత. రాత్రి గూటిలో పడే రెట్ట తోటకు సారవంతమైన ఎరువు. అయితే పచ్చిరెట్టను నేరుగా మొక్క మొదట వేస్తే వేళ్లు మాడిపోతాయి. దానిని ఆకులతో, ఊకతో కలిపి కొన్ని నెలలు మాగనిచ్చి వాడాలి. పచ్చిరెట్టలో రోగక్రిములు ఉండవచ్చు కనుక పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి మడులకు అది అసలే తగదు. మొలక దశలో మడుల చుట్టూ ముళ్లకంప కట్టాలి. లేకపోతే కోడి ఒక్క పూటలో మడిని గీకిపారేస్తుంది. పంట తీసిన తరువాత కంప తొలగించి కోళ్లను వదిలితే అవే పురుగులను, కలుపు గింజలను ఏరి తింటాయి.

ఒక్కొక్క గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. తిరిగి మేసే కోడికి ఇది మట్టిలో, నత్తగుల్లలలో కొంత దొరుకుతుంది. వాడిన గుడ్డు పెంకులను కడిగి, ఎండబెట్టి, వేయించి, పొడిచేసి మేతలో కలిపితే పెంకు గట్టిపడుతుంది. పొడి చేయకుండా వేస్తే కోళ్లు తమ గుడ్లను తామే పొడుచుకుతినడం నేర్చుకుంటాయి.

వేరుశనగ పండే ఈ సీమలో ఒక జాగ్రత్త మరువరాదు. బూజు పట్టిన వేరుశనగ చెక్కను, ముక్కిన గింజలను “పారేయడమెందుకు, కోళ్లకు వేద్దాం” అనుకోవడం సామాన్యం. ఆ బూజులో ఏర్పడే విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, గుడ్లను తగ్గిస్తుంది. అది మనుషులకూ హానికరమే. అట్టివాటిని ఎవరికీ పెట్టరాదు.

ముందు ఇంటి లెక్క

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు మనిషికి ఏడాదికి 180 గుడ్లు, అంటే రెండు రోజులకొకటి. 2023–24లో దేశంలో తలసరి లభ్యత 103 మాత్రమే. ఇది సగటు లెక్క. కోళ్లున్న ఇంట్లోని పిల్లలందరికీ గుడ్డు దక్కుతోందని అర్థం కాదు. పెట్టిన గుడ్లన్నీ సంతకు చేర్చి, వచ్చిన డబ్బుతో పిల్లలకు బిస్కట్ పొట్లాలు, వేపుడు పొట్లాలు కొనుక్కువచ్చే అలవాటు పల్లెలలో పెరిగింది. ఇంటి బలాన్ని అమ్మి పిండిని, నూనెను కొనుక్కోవడమే ఇది.

ఒక ఉదాహరణ చూడవచ్చు. నాలుగు నాటు పెట్టలు ఏడాదికి 50 చొప్పున 200 గుడ్లు, పెరట్లో తిరిగే ఆరు గ్రామప్రియలు 150 చొప్పున 900 గుడ్లు పెట్టాయనుకుందాం. మొత్తం 1,100. నాలుగు పొదుగుళ్లకు 12 చొప్పున 48 తీసివేస్తే మిగిలేవి 1,052, అంటే సగటున వారానికి 20. నలుగురున్న కుటుంబానికి సిఫారసు ప్రకారం వారానికి 14 కావాలి. అమ్మకానికి 6 మిగులుతాయి. చలికాలంలో వారానికి 25 దాటవచ్చు, మండువేసవిలో 10కి పడిపోవచ్చు. అమ్మకపు ఆలోచన చలికాలపు మిగులు మీద చేయాలి గాని, వేసవిలో ఇంటి వంతును తగ్గించి చేయరాదు. ఆ నెలలలో పెద్దలు మానుకొన్నా పిల్లల వంతు, గర్భిణుల వంతు తగ్గకుండా చూడాలి.

కోడి డబ్బు ఆనాది నుండీ ఆడవారి చేతి డబ్బు. పలక బలపాలకు, మందుమాకులకు, పండుగ గాజులకు ఎవరినీ అడగకుండా వాడుకొనే సొమ్ము అది. కోళ్లను, తోటను ఇంటి ఇల్లాలు చూసుకొని లెక్క మాత్రం మరొకరు వ్రాసుకొనే పద్ధతి మంచిది కాదు. గుడ్ల లెక్క, విత్తిన తేదీలు, అమ్మిన మొత్తాలు ఒక చిన్న నోటుపుస్తకంలో ఏ భాషలో చదివే పిల్లలైనా వ్రాసిపెట్టగలరు. రెండేళ్ల లెక్క ఉంటే తమ ఇంటి కోళ్ల కాలం ఏదో ఆ ఇంటికే తెలిసిపోతుంది.

కొక్కెర తెగులు, సరిహద్దు ఆంక్షలు

పెరటి మందను ఒక్క వారంలో తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. హిమాలయ ప్రాంతంలోని రాణీఖేత్ పేరుతో దీనిని పిలుస్తారు. మెడ తిరగడం, పచ్చని విరేచనం, గురక, రెక్కలు వాలడం దీని లక్షణాలు. వచ్చిన తరువాత మందు లేదు, టీకాయే రక్షణ. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, నాలుగు వారాలకు మరల అవే చుక్కలు, ఎనిమిది వారాలకు ఆర్‌టూబీ సూది వేయించడం సాధారణ క్రమం. టీకాను మంచులోనే తేవాలి, కలిపిన వెంటనే వేయాలి. ఒక్క సీసాలో వందల మోతాదులుంటాయి కనుక ఒక ఇంటికి అది ఖర్చు. పది ఇళ్లవారు ఒకే ఉదయం కలిసి వేయించుకుంటే స్వల్పం. పశువైద్యశాలలో ముందుగా చెప్పి ఉంచితే సరిపోతుంది.

బర్డ్ ఫ్లూ మన దేశంలో మొదటిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ ప్రాంతపు కోళ్లలో బయటపడింది. 2025 ఆరంభంలో గోదావరి జిల్లాలలో మరల తలెత్తింది. అటువంటి వేళ రాష్ట్రాల మధ్య కోళ్ల రవాణాపై ఆంక్షలు వస్తాయి. ఊరు ఒక రాష్ట్రంలో, సంత మరొక రాష్ట్రంలో ఉన్నవారికి ఇది వెంటనే తగిలే దెబ్బ. ఆ వారాలలో కోళ్లను సరిహద్దు దాటించే ప్రయత్నం చేయక, చెక్‌పోస్టు వద్దనో పశువైద్యశాల వద్దనో విచారించుకోవాలి. కారణం తెలియక ఒకేసారి పెక్కు కోళ్లు చనిపోతే వాటిని చేతితో తాకరాదు, కోసి అమ్మరాదు. వెంటనే అధికారులకు తెలపాలి. గుడ్డును, మాంసాన్ని లోపలి వరకు 70 డిగ్రీలు దాటేటట్లు ఉడికిస్తే ఆ క్రిమి నశిస్తుంది.

సంతలో నమ్మకం

ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు 1999 జనవరిలో, తమిళనాడులో ఉళవర్ సందైలు అదే సంవత్సరం నవంబరులో మధురైలో మొదలైనాయి. హోసూరు ఉళవర్ సందై ఈ ప్రాంతంలో పేరుపొందినది. దళారి లేకుండా రైతే అమ్ముకోవడం వీటి ఆశయం. ఇక్కడ అమ్మడానికి గుర్తింపు కార్డు కావాలి. భూమి, పంట వివరాలు చూసిన తరువాతనే అధికారులు దానిని ఇస్తారు. భూమి ఏ రాష్ట్రపు రికార్డులలో ఉన్నదో సరిహద్దు రైతులు ముందుగా చూసుకొని ఆ కార్యాలయంలో విచారించడం మేలు. వారపు సంతలకు మాత్రం ఈ చిక్కు లేదు.

అక్కడ చెల్లుబాటయ్యేది భాష, నమ్మకం. మన గుడ్డు కన్నడంలో మొట్టె, తమిళంలో ముట్టై. అనపకాయ అవతల అవరెకాయి, ఇవతల మొచ్చై. ఆకుకూర ఒకచోట సొప్పు, మరొకచోట కీరై. బీరకాయ హీరెకాయి, పీర్కంగాయ్ అవుతుంది. నాటుకోడి మాత్రం మూడు భాషలలోనూ ఇంచుమించు నాటుకోడే. ఈ పది మాటలు వచ్చిన పిల్లలు పక్కనుంటే తల్లికి సంతలో సగం బరువు తగ్గుతుంది.

రోడ్డు పక్కన కూర్చొని ఎదురుచూడడం కంటె, తెలిసిన ఐదారు ఇళ్లకు వారానికొక సంచి చొప్పున చేర్చే పద్ధతి చిన్నతోటకు అనుకూలం. ఆ వారం తోటలో ఏది ఉంటే అది, రెండు కట్టల ఆకు, ఒక రకం కాయ, మిగులుంటే ఆరు గుడ్లు. దీనికి ఒప్పందం స్పష్టంగా ఉండాలి. వేసవిలో గుడ్లు తగ్గుతాయని, జనవరిలో అనపకాయలు ఎక్కువగా వస్తాయని మొదటి రోజే చెప్పినవారి మీద కొనేవారికి తరువాత అనుమానం కలగదు. కొరత వచ్చిన వారంలో బయట గుడ్లు కొని తమవని కలిపి ఇచ్చినవారి సంచి మాత్రం ఎక్కువ కాలం సాగదు.

గుడ్లను కడిగి నిలువ ఉంచరాదు. పెంకు మీద ఉండే సన్నని సహజమైన పూత క్రిములను ఆపుతుంది. కడిగితే అది పోతుంది. మురికిని పొడిగుడ్డతో తుడవాలి, గూటిలో గడ్డి తరచు మార్చాలి. పెట్టిన తేదీని పెన్సిలుతో వ్రాసి, చల్లని మూలలో మొనదేలిన కొస క్రిందికి ఉండేటట్లు నిలపాలి. పాతదో కొత్తదో తెలియకపోతే నీటిలో వేసి చూడవచ్చు. తాజా గుడ్డు అడుగున పడుకుంటుంది, పాతబడినది నిలబడుతుంది, పనికిరానిది తేలుతుంది. కాలం గడిచినకొద్దీ పెంకు రంధ్రాల గుండా తేమ పోయి లోపల గాలి పెరగడమే దీనికి కారణం.

ఇతర సరిహద్దులలో

ఈ లెక్కలను ఎక్కడివారక్కడ సవరించుకోవాలి. బళ్లారి, రాయచూరు, మహారాష్ట్రలోని సిరొంచ వంటి చోట్ల వేసవి వేడి 40 డిగ్రీలు దాటుతుంది కనుక గుడ్ల కొరత ఇంకా తీవ్రంగా, ముందుగానే మొదలవుతుంది. అక్కడ నీడకు, రోజుకు రెండు మూడు మార్లు చల్లని నీటికి ప్రాధాన్యమివ్వాలి. ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి వైపు కొండసంతలలో పనస, సీతాఫలం, దుంపలు తమ తమ కాలాలలో వస్తాయి. అక్కడివారి తోట పంచాంగం అడవిని కూడా కలుపుకొని ఉంటుంది. గౌతమీ తీరాన ఉన్న యానాం పరిసరాలలో ఎండ కంటె తేమ, వరద పెద్ద శత్రువులు. గూడును నేల మీద కాక గుంజల మీద ఎత్తుగా కట్టుకోవాలి. లంక భూములలో కూరగాయలకు వరద తీసిన తరువాతనే అనువైన కాలం.

ఎక్కడైనా మొదటి అడుగు ఒకటే. వచ్చే సంత రోజు నుండి ఇంట్లో ఎన్ని గుడ్లు వచ్చాయి, తోటలో ఏమి కోశారు, ఏది ఇంటికి ఉంచారు, ఏది అమ్మారు అన్న నాలుగు వరుసలు నోటుపుస్తకంలో వ్రాయడం మొదలుపెట్టాలి. ఇంటి వంతుకు ఒక గంప, సంతకు వేరొక గంప పెట్టుకొని, మొదటిది నిండిన తరువాతనే రెండవది నింపుకోవాలి.